డీజిల్ కరువుకు రిహార్సల్

నేను పౌరసరఫరాల శాఖలో డిప్యూటీ తహశీల్దారుని. బియ్యం, కందిపప్పు, పంచదార, రేషన్ షాపుల తనిఖీలు, తూకాల్లో తేడాలు. నా ఉద్యోగమంతా బస్తాల మధ్యే గడిచింది. అలాంటి నన్ను ఒక వేసవి ఉదయం నరసరావుపేట కలెక్టరేట్‌లో జాయింట్ కలెక్టర్ గారు పిలిచి, దేశానికి చమురు రాకపోతే పల్నాడు ఏం చేయాలో వారం రోజుల్లో రాసి తెమ్మన్నారు.

"దేశానికా సార్?" అన్నాను, సరిగ్గానే విన్నానా అని.

"దేశము సంగతి దేశము చూచుకొనును. మీరు జిల్లా సంగతి చూడుడు," అన్నారాయన.

ఆయన ఉత్తరాది మనిషి. వయసు ముప్పై దాటి ఉండదు. ఉద్యోగంలో చేరేటప్పుడు పాత వ్యాకరణ పుస్తకం ఏదో పట్టుకుని పట్టుదలగా తెలుగు నేర్చుకున్నారు. అందువల్ల ఆయన నోట్లో మా భాష పట్టుపంచె కట్టుకుని నడుస్తుంది. మొదట్లో మాకు నవ్వాపుకోవడం కష్టమయ్యేది. తర్వాత అలవాటైపోయి, ఆయన లేనప్పుడు మేమే ఒకరితో ఒకరు 'భోజనము చేసితిరా' అని పలకరించుకోవడం మొదలుపెట్టాం.

ఆయన ఒక పాత ఫైలు నా వైపు జరిపారు. "ఇది ఇంతకు ముందటి ప్రణాళిక. ఇందులో నాకొక సందేహము గలదు."

తెరిచి చూశాను. ఇంధన కొరత వస్తే ఎవరికి ముందు డీజిల్ ఇవ్వాలన్న జాబితా. మొదటి వరస: సముద్రంలో చేపల వేటకు వెళ్లిన మరపడవలు.

"మన సముద్రము ఎక్కడ ఉన్నది?" అని అడిగారు జాయింట్ కలెక్టర్ గారు, ఎంతో మర్యాదగా.

మా జిల్లాలో రాళ్లున్నాయి, మిరప చేలున్నాయి, కృష్ణ ఉంది, సాగర్ కాలవలున్నాయి. సముద్రం మాత్రం లేదు. ఎవరో ఏ తీరప్రాంతం జిల్లా కాగితాన్నో తెచ్చి పేరు మార్చి పంపేశారన్నమాట. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని కింది పెదవి కొరుక్కున్నాను. అప్పుడే ఆయన కూడా పెదవి కొరుక్కోవడం కనిపించింది. ఇక ఇద్దరం ఆగలేదు. ఏం జరిగిందోనని అటెండరు తలుపు తీసి చూసేదాకా నవ్వాం. నిజం చెప్పాలంటే ఆ వారమంతా నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరూ ఆలోచించమని అడగలేదు. తనిఖీ చేయమన్నారు, సంతకం పెట్టమన్నారు, అంతే.

మొదట రాజధాని నుంచి వీడియోలో శిక్షణ ఇచ్చారు. దేశం వాడే చమురులో ఎక్కువ భాగం ఓడల మీద బయటి నుంచే వస్తుందనీ, ఆ ఓడల దారిలో ఎక్కడ గొడవ జరిగినా ఇక్కడ బంకు దాకా తగులుతుందనీ చెప్పారు. అందుకే ఒక్క చోటే కొనకుండా నాలుగు చోట్లా కొంటారట. విశాఖలోనూ పడమటి తీరంలోనూ భూమి లోపల కొండరాయి తొలిచి, ఆ గుహల్లో ముడి చమురు నిల్వ ఉంచుతారట. అది తాళం వేసిన గాదె. దాని తర్వాత కంపెనీల డిపోలు, ఆ తర్వాత ఊళ్లో బంకు కింద ఉన్న ట్యాంకు. పైనుంచి ఆలస్యమైన కొద్దీ కింద ఎవరికి ఇవ్వాలి, ఎవర్ని ఆగమనాలి అన్నది ముందే తేల్చుకోవాలి. మా పని ఆ చివరి మెట్టు.

ఈ గుహల సంగతి మా ఆఫీసు జీపు డ్రైవరుకి చెప్పాను. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి. జీపు వినుకొండ రోడ్డు మీద పోతోంది. ఆయన బండి పక్కకు తీసి ఆపేశాడు.

"ఏందమ్మా, కొండ కింద నూనె పోసి దాచారా? రాతిలోకి ఇంకిపోదా?"

"ఇంకదంట బాబాయ్. చుట్టూ రాతి పగుళ్లలో నీళ్లుంటాయంట. ఆ నీళ్ల ఒత్తిడే నూనెని బయటికి పోనీదంట."

ఆయన స్టీరింగు మీద చరిచాడు. "నూనెకి నీళ్లు కాపలానా! మా ఇంట్లో కిరసనాయిలు సీసాకి బిరడా బిగిచ్చినా సగం ఎగిరిపోయేది గదమ్మా!" అన్నాడు. ఆ తర్వాత మూడు రోజుల పాటు మేం ఆగిన ప్రతి టీ కొట్టు దగ్గరా ఈ గుహ కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గుహ పెద్దదైంది. మాచర్ల చేరేసరికి అందులో రైలు పట్టేంత చోటుంది.

ఆ మూడు రోజులూ మేం జిల్లా తిరిగింది ఒక్క ప్రశ్నతో. డీజిల్ తక్కువైతే ఎవరికి ముందు? ఎవర్ని అడిగినా జవాబు ఒక్కటే: నాకు. బొల్లాపల్లి దగ్గర నీళ్ల ట్యాంకరు తోలే అతను, వేసవిలో తన బండి ఆగితే తండాల్లో గొంతు తడవదన్నాడు. అది నిజం. రాసుకున్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజరు, కరెంటు పోయినప్పుడు తన జనరేటరు ఆగితే రైతుల పంటంతా రంగు మారిపోతుందన్నాడు. అదీ నిజమే. మాచర్లలో నాపరాయి కోసే మిషన్ల యజమాని, తన పని ఆగితే కూలీలకు ఆ పూట గడవదన్నాడు. అది మరీ నిజం. మూడో రోజు మధ్యాహ్నానికి నా నోటు పుస్తకంలో మొదటి స్థానంలో పదకొండు మంది ఉన్నారు. రెండో స్థానం ఖాళీ.

రొంపిచెర్ల దగ్గర మాత్రం ఒకావిడ వేరుగా మాట్లాడింది. యాభై అయిదు దాటిన మనిషి. రెండు ట్రాక్టర్లు, ఒక వరికోత మిషన్ బాడుగకు తిప్పుతుంది. భర్త పోయాక డ్రైవర్ల మీద నమ్మకం లేక తనే ట్రాక్టరు నేర్చుకుందట. మేం వెళ్లేసరికి టైరు మీద కాలు పెట్టి బోల్టు బిగిస్తోంది. నేను పిన్నీ అని పలకరించి నా ప్రశ్న అడిగాను.

"ఎవరికి ముందో నన్నడుగుతావేంది అమ్మాయ్? నేను నాకే అంటా. పక్కింటాయన ఆయనకే అంటాడు. ఇట్టా అడుక్కుంటా పోతే నీకు తెల్లారుద్దా?" అంది పానా దించకుండానే.

"మరి ఎట్టా అడగాలి పిన్నీ?"

"అదే తెలిస్తే నీ ఉద్యోగం నేనే చేద్దును," అని నవ్వేసి, మాకు మజ్జిగ ఇచ్చింది. వచ్చే వారం కలెక్టరేట్‌లో జరగబోయే రిహార్సల్‌కి రైతుల తరఫున రమ్మని అక్కడికక్కడే పిలిచాను. 'ట్రాక్టరు మీదొస్తా, చోటుందా నిలపటానికి?' అని మాత్రం అడిగింది.

రిహార్సల్ అన్నది జాయింట్ కలెక్టర్ గారి ఆలోచన. కాగితం రాసి బీరువాలో పెడితే మళ్లీ మరపడవలే తేలతాయని ఆయన భయం. అందుకని అన్ని శాఖల వాళ్లనూ హాల్లో కూర్చోబెట్టి, డీజిల్ రావడం ఆగిపోయినట్టు ఊహించుకుని, రోజు తర్వాత రోజు ఏం చేస్తారో ఆడి చూపించమన్నారు. డీజిల్‌కి బదులు వేయించిన శనగలు. ఒక్కో గింజ వంద లీటర్లు. ప్రతి శాఖ ముందూ ఒక గిన్నె పెట్టి, వాళ్ల వాటా లెక్కగా పోశాం. తెర మీద స్లయిడ్లు నావి. జీవితంలో మొదటిసారి చేశాను. మా వారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనే పక్కన కూర్చుని నేర్పారు. ఒక స్లయిడ్లో ట్యాంకరు లారీ బొమ్మ కుడి నుంచి ఎడమకు కదిలి మాయమవుతుంది. దాన్ని చూసుకుని నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఉదయం పదింటికి మొదలైంది. మొదటి రోజు: ట్యాంకర్లు సగమే వచ్చాయి. అందరూ పెద్దమనుషుల్లా తలాడించారు. రెండో రోజు: ట్యాంకర్లు రాలేదు. అక్కడినుంచి హాలు స్వరూపమే మారిపోయింది. ఆసుపత్రి సూపరింటెండెంటు గారు ఆపరేషన్ థియేటరు జనరేటరుకి ఇంకో పది గింజలు కావాలని లేచి నిలబడ్డారు. పోలీసు అధికారి తన గిన్నె మీద అరచెయ్యి మూత పెట్టారు. ఆర్టీసీ డిపో మేనేజరు మాచర్ల రూటులో రెండు ట్రిప్పులు రద్దు చేస్తున్నానని ప్రకటిస్తే, వెనక నుంచి ఒక ఇంజనీరు, "అయ్యో, ఆ బస్సులోనే మా ఆవిడ వస్తోందండీ," అని నిజంగానే కంగారుపడ్డాడు. డిపో మేనేజరు, "ఊహలో రద్దు చేశానండీ, నిజం బస్సు వస్తది," అని ఓదార్చాల్సి వచ్చింది.

ఇంతలో ఆసుపత్రి గిన్నెలో గింజలు తగ్గాయని తేలింది. విచారిస్తే, పక్కన కూర్చున్న విద్యుత్ శాఖాయన చర్చ వింటూ, తనకు తెలియకుండానే నోట్లో వేసుకుంటున్నాడు.

"తమరు ఆసుపత్రి డీజిలు భక్షించితిరి!" అన్నారు జాయింట్ కలెక్టర్ గారు.

"ఎన్ని లీటర్లు సార్?" అన్నాడాయన, నమలడం ఆపి.

హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుల మధ్య, రైతుల తరఫున వచ్చిన మా రొంపిచెర్ల పిన్ని లేచి నిలబడింది. చేతిలో మైకు లేదు, అవసరమూ లేదు.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోబాకండి. పొద్దుట్నించీ నాకింత కావాలంటే నాకింత కావాలని కొట్టుకుంటన్నారు. ఎంత లేకపోయినా గడుపుకోగలరో ఒక్కరన్నా చెప్పారా? మా ఊళ్లో నలుగురం మిరపకాయలేసుకుని నాలుగు ట్రాక్టర్లలో యార్డుకి పోతాం. ట్రాక్టరు వెనక కట్టిన ఒక్కో ట్రక్కులో సగమే లోడు ఉంటది. రెండు బండ్లు చాలు. కానీ ఎవరూ అడగరు గందా, ఎవరి బండి వాళ్లది!"

నా మూడు రోజుల తిరుగుడు ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. నేను అడగాల్సిన ప్రశ్న అదే. జాయింట్ కలెక్టర్ గారు వెంటనే ఒక పెద్ద ఖాళీ గిన్నె తెప్పించి మధ్యలో పెట్టారు. "ఎవరు ఎన్ని గింజలు వదులుకొనగలరో ఇందులో వేయుడు," అన్నారు.

 మొదట పోలీసు అధికారి గిన్నె మీంచి చెయ్యి తీశారు. బజారు గస్తీ సైకిళ్ల మీదా కాలినడకనా తిరిగితే ఇంత మిగులుతుందని గుప్పెడు వేశారు. ఆర్టీసీ ఆయన ఒకే వేళకు సగం ఖాళీగా పోయే రెండు బస్సుల్ని ఒకటి చేశాడు. మున్సిపాలిటీ వాళ్లు చెత్త బండ్లను ఒక దారిలో తిప్పారు. పది నిమిషాల్లో ఇది వేలంపాటలా తయారైంది. 'నావి ఇంకో రెండు!' 'మావి అయిదు!' ముందు నాకే అన్నవాళ్లంతా ఇప్పుడు వదులుకోవడంలో పోటీ పడుతున్నారు. నా ఒళ్లు తేలిపోయింది. చేసే పని ఇంత సరదాగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదే అనిపించింది.

ఆ ఊపులోనే నేను ఒక పని చేశాను. తెర మీద నా మూడో రోజు స్లయిడు వెలుగుతోంది. ఎర్ర అక్షరాలు: "మూడో రోజు. జిల్లాలో పెట్రోల్, డీజిల్ నిల్వ: సున్నా." పక్కనే కదిలే లారీ. ముచ్చటేసి, టేబుల్ మీది లాప్‌టాప్ తెర అంచు కుడిచేత్తో పట్టుకుని, అదే స్లయిడుకి ఫోటో తీసి మా వారికి పంపాను. అంతే. మళ్లీ చర్చలో పడిపోయాను.

గంట గడిచిందో లేదో, హాల్లో ఫోన్లు ఒకదాని వెనక ఒకటి మోగడం మొదలైంది. ఊళ్లో బంకుల దగ్గర జనం విరగబడుతున్నారు. పెట్రోలు అయిపోతోందని ఫోటో ఒకటి తిరుగుతోంది. పోలీసు అధికారి తన ఫోను జాయింట్ కలెక్టర్ గారికి చూపించారు. నేను తొంగి చూశాను.

నా స్లయిడే. అది నేను తీసిన ఫోటోనే. కింది మూలన గోరింటాకు పండిన బొటనవేలు ఒకటి అడ్డంగా ఉంది. స్లయిడు కింద నేను స్వయంగా రాసుకున్న చిన్న వాక్యం, 'ఇది కేవలం ఊహించుకున్న పరిస్థితి' అన్నది, సరిగ్గా ఆ వేలి కింద పడిపోయింది.

"ఈ అంగుష్ఠము ఎవరిది?" అన్నారు జాయింట్ కలెక్టర్ గారు ఫోనును దగ్గరగా పెట్టుకుని.

నేను కుడి చెయ్యి కొంగులో చుట్టేసుకున్నాను.  అంతకు ముందు నిమిషం దాకా గాల్లో ఉన్నదాన్ని, ధబ్బున కింద పడ్డాను. తర్వాత తెలిసింది, మా వారు మురిపెంగా 'మా ఆవిడ చేసిన స్లయిడ్' అని బంధువుల గ్రూపులో పెట్టారట. అక్కడినుంచి ఎవరో 'మా ఆవిడ'ను తీసేసి ఫోటో మాత్రం ముందుకు తోశారు.

ప్రణాళికలో ఇలాంటప్పుడు ఏం చేయాలో రాశాం. బైకుకి ఇంత, కారుకి ఇంత అని కొలత పెట్టాలి. అదే ఆర్డరు టైపు చేయమని జాయింట్ కలెక్టర్ గారు చెప్పబోతుంటే పిన్ని అడ్డుపడింది.

"కొలత పెట్టారంటే నిజంగానే లేదనుకుంటారు సారూ. ఇంట్లో ఉన్న బండ్లన్నీ తోసుకుంటా వస్తారు. ఉందని చూపిచ్చండి, వాళ్లే పోతారు."

ఆయన లేచి, "పదండి," అన్నారు. మేం జీపెక్కాం. పిన్ని తన ట్రాక్టరు మీద వెనకాలే బయలుదేరింది.

మేం వెళ్లిన బంకు వినుకొండ రోడ్డులో ఉంది. రోడ్డు కనిపించలేదు, బండ్లే కనిపించాయి. బైకులు, ఆటోలు, కార్లు, మిరపకాయల ట్రక్కులు. అన్నిటి ఇంజన్లూ ఆన్‌లోనే ఉన్నాయి. పెట్రోలు కోసం నిలబడి పెట్రోలు తగలేస్తున్నారు. స్టీలు బిందెలు పట్టుకుని ఆడవాళ్లొచ్చారు. ఒకాయన ఆవకాయ జాడీ చంకన పెట్టుకుని నిలబడ్డాడు. బంకు మేనేజరు గొంతు పోయేలా, "జాడీలో పొయ్యనయ్యా, నిప్పంటుకుంటే ఎవరిది పూచీ?" అని అరుస్తున్నాడు. వీటన్నిటి మధ్యలో పూలు కట్టిన కారు ఒకటి ఇరుక్కుపోయింది. అందులో బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు చెమటలు కక్కుతున్నాడు. దాని వెనక మినీ లారీలో బ్యాండు మేళం. గురజాలలో ముహూర్తం, కారులో డీజిల్ అడుగంటింది.

మేనేజరుతో మాట్లాడి, భూమిలో ఉన్న ట్యాంకులోకి కొలబద్ద దించి అందరి ముందూ చూపించాలని అనుకున్నాం. నిల్వ ఎంతుందో రోజూ కొలిచే పొడవాటి ఇత్తడి కడ్డీ అది.

"ఇంజన్లన్నీ ఆపితేనే మూత తీస్తా," అన్నాడు మేనేజరు. "ఫోన్లు జేబుల్లో పెట్టండి. బీడీ కనపడిందా, నేను ఇంటికి పోతా!"

పిన్ని ట్రాక్టరు బానెట్ మీద చరిచి ఒక్క కేక పెట్టింది. "ఒరేయ్, ఆపండిరా బండ్లు! కలెక్టరు గారు ట్యాంకు కొలిచి చూపిస్తారంట!"

ఇంజన్లు ఒకటొకటిగా ఆగాయి. వినుకొండ రోడ్డు మీద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మేనేజరు మూత తీసి కడ్డీ లోపలికి దించుతున్నాడు. అది దిగుతూనే ఉంది. అందరి కళ్లూ దాని మీదే. ఆ నిశ్శబ్దం భరించలేకో ఏమో, బ్యాండు డోలాయన సన్నగా ఒక దరువు మొదలుపెట్టాడు. కడ్డీ అడుగు తాకింది. దరువు ఆగింది. మేనేజరు పైకి లాగాడు. తడి గీత ఎక్కడిదాకా ఉందో అందరికీ కనిపించింది. మనిషి నడుము దాటి ఉంది.

"నిల్వ పుష్కలముగా ఉన్నది! ఆందోళన చెందవలదు!" అన్నారు జాయింట్ కలెక్టర్ గారు కడ్డీ పైకెత్తి.

బ్యాండు మొత్తం ఒక్కసారి ఢమాల్మని వాయించింది. జనం గొల్లుమన్నారు. "ఇంకోసారి సార్! డీజిల్‌ది కూడా!" అని అరిచారెవరో. డీజిల్ ట్యాంకూ కొలిచాం. మళ్లీ దరువు, మళ్లీ గీత, మళ్లీ ఢమాల్. ఆ కుర్ర అధికారి ముఖం వెలిగిపోయింది.

కానీ ఒకాయన కదల్లేదు. నలభై ఏళ్ల ఆటో అతను. ముందుకొచ్చి ఫోను చూపించాడు. "ఇయ్యాళ ఉంది సరే సార్. మరి ఇదేంది? మీ ఆఫీసు కాగితమే గందా, మూడో రోజు సున్నా అని! ఎల్లుండికి ఉండదనేగా?"

నవ్వులు తగ్గిపోయాయి. వెనక ఒకరిద్దరు 'అవును, అది చెప్పండి' అన్నారు. జాయింట్ కలెక్టర్ గారు నోరు తెరిచారు కానీ, ఏం చెప్పినా ప్రభుత్వం మాటలాగే ఉంటుందని నాకు అర్థమైంది.  ఉద్యోగం పోతుందా, పరువు పోతుందా అని ఒక లెక్క వేసుకోబోయి, వేసుకునే లోపే ముందుకు వెళ్లిపోయాను.

ఆటో అతని ఫోను పక్కన నా బొటనవేలు పెట్టాను.

"అన్నా, ఆ వేలు ఇదే. ఆ ఫోటో తీసింది నేనే. ఉదయం నుంచీ మేం ఆఫీసులో రిహార్సల్ చేస్తన్నాం, నిజంగా కరువొస్తే ఏం చేయాలా అని. కింద 'ఇది ఊహే' అని రాసే ఉంది. నా వేలు అడ్డం పడింది. స్లయిడు బాగా కుదిరిందని మా ఆయనకి పంపుకున్నా," అని నా ఫోను తీసి అసలు స్లయిడు చూపించాను.

ఆయన నా వేలు చూశాడు. ఫోటో చూశాడు. మళ్లీ వేలు చూశాడు. గోరింటాకు మచ్చ, గోరు పక్కన చిన్న గాటు, అన్నీ కలిశాయి.

"చానా బాగా పండింది మేడమ్," అన్నాడు చివరికి.

ముందు పిన్ని నవ్వింది. ట్రాక్టరు మీద కూర్చుని, స్టీరింగు పట్టుకుని, పడిపోతుందేమోనన్నట్టు నవ్వింది. తర్వాత ఆ నవ్వు వరసలోకి పాకింది. ముందువాళ్లు వెనకవాళ్లకి చెప్తున్నారు, 'ఏలంట, మేడమ్ గారి ఏలంట!' నేను కూడా నవ్వాను, కళ్ల నీళ్లొచ్చేటంతగా. భయం దిగిపోయిన తర్వాత వచ్చే నవ్వు అది. ఆపడం మన చేతిలో ఉండదు.

అప్పుడు కారులోంచి పెళ్లికొడుకు తండ్రి దిగి, చేతులు జోడించి, "అయ్యా, మా ముహూర్తం దాటిపోద్ది," అన్నాడు. ప్రణాళికలో నేను రాసిన అత్యవసరాల్లో అంబులెన్సు ఉంది, నీళ్ల ట్యాంకరుంది, పాల వ్యానుంది. పెళ్లి లేదు. నేను జనం వైపు తిరిగి, "ఏమంటారు? ముందు వీళ్లకి పొయ్యమందామా?" అన్నాను.

"పొయ్యండి మేడమ్! ముహూర్తం కంటే అత్యవసరం ఏముంటది!" అని ఆటో అతనే మొదట అరిచాడు. బండ్లు తోసి దారిచ్చారు. కారుకి డీజిల్ కొట్టినంతసేపూ బ్యాండు వాయించింది. వరసలో ఉన్నవాళ్లు దిగి చిందులేశారు. జాడీ ఆయన జాడీ నెత్తిన పెట్టుకుని మరీ ఆడాడు. మా డ్రైవరు బాబాయ్ ఆ సందట్లో దొరికినవాళ్లందరికీ విశాఖ గుహల కథ చెప్తున్నాడు. పెళ్లికారు గురజాల వైపు కదిలేసరికి వరస సగానికి సగం కరిగిపోయింది. సాయంత్రం అయిదింటికి బంకులో ఎప్పుడూ ఉండే నాలుగు బండ్లే ఉన్నాయి.

అప్పుడు రోడ్డుకి అవతల సోడా బండి దగ్గర జాయింట్ కలెక్టర్ గారి ముందు నిలబడి, "తప్పు నాదే సార్," అన్నాను.

ఆయన సోడా మొత్తం తాగారు. "తప్పే," అన్నారు. "సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చెదను. అందరి ఎదుట ఒప్పుకొన్నందులకు ప్రశంసాపత్రము కూడా ఇచ్చెదను. రెండూ ఒకే రోజున వచ్చును. మొదట ఏది తెరిచెదరో మీ ఇష్టము."

రెండూ వచ్చాయి, మాటిచ్చినట్టే. నేను మెమోకే ముందు జవాబు రాశాను. ఏమీ దాచలేదు. మా వారు తన వంతుగా బంధువుల గ్రూపులోంచి బయటికొచ్చేస్తానన్నారు కానీ, నేనే వద్దన్నాను. ప్రణాళిక మళ్లీ రాశాం. ఎవరికెంత ఇవ్వాలన్న జాబితా కంటే ముందు, ఎవరు ఎంత వదులుకోగలరన్న పట్టిక పెట్టాం. దానికీ ముందు, మొదటి గంటలో జనానికి ఏం చెప్పాలి, ఎలా చూపించాలి అన్నది రాశాం. ఇంధనం నిజంగా తగ్గడానికి రోజులు పడుతుంది, తగ్గుతుందన్న మాటకు గంట చాలు. పిన్నిని జిల్లా కమిటీలో సభ్యురాలిగా వేశారు. ఉత్తర్వు కాగితం తీసుకోవడానికి ఒక ఖాళీ ట్రక్కు తెచ్చుకుని, తిరుగు లోడు ఎరువు బస్తాలు వేసుకుని మరీ వెళ్లింది.

నెల తర్వాత రాజధాని నుంచి వీడియో సమావేశంలో, మిగతా జిల్లాల వాళ్లకు ఈ సంగతంతా చెప్పమని నన్నడిగారు. చెప్పాను, వేలితో సహా. తెర నిండా చిన్న చిన్న గళ్లల్లో అధికారులు నవ్వుతున్నారు. ప్రశ్నలు అడగమంటే, గోదావరి వైపు నుంచి ఒక పెద్దాయన చెయ్యెత్తారు.

"అంతా బాగుందండీ. కానీ ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కదా. అప్పుడిలాంటి పుకారు వస్తే బ్యాండు మేళం ఎక్కణ్ణుంచి తేవాలి?"

 "రాసుకుంటున్నానండీ," అని, నిజంగానే రాసుకున్నాను.